ఏలియన్స్ బ్లూరే రివ్యూ: ఆ 17 నిమిషాల కోసమే కొన్నా

ముందు పాత గొడవ ఒకటి చెప్పాలి. విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్‌కీ నాకూ ఈ సినిమా మీద అర్ధరాత్రి దాకా వాదన జరిగింది, వాడేమో హీరోయిన్ రిప్లీకి కూతురు ఉంది చచ్చిపోయింది అంటాడు, నేనేమో సినిమా మొత్తం చూశాన్రా కూతురి ఊసే లేదు అంటా, ఇద్దరం ఒట్లు కూడా పెట్టుకున్నాం, రెండ్రోజులు మాటల్లేవు. తర్వాతెప్పుడో ఇంజనీరింగ్‌లో ఉండగా తెలిసింది, వాడు చూసింది స్పెషల్ ఎడిషన్ సీడీ, నేను టీవీలో చూసింది థియేటర్ వెర్షన్. ఇద్దరం చెప్పిందీ నిజమే. ఒకే సినిమా, ఒకడికి హీరోయిన్ తల్లి, ఇంకొకడికి కాదు. అప్పట్నుంచి సీక్వెల్ ఏదొచ్చినా నాకు అదే ఆలోచన, కోసేసిన సీన్లో ఏముంది, అది ఉంటే కథ మారేదా అని.

అందుకే ఓటీటీలు ఇన్ని ఉండగా ఈ డిస్క్ కొన్నా. ఏలియన్స్ 1986లో థియేటర్లకి వచ్చినప్పుడు 137 నిమిషాలు, తర్వాత దర్శకుడు జేమ్స్ కామెరాన్ తీసేసిన సీన్లు కలిపి చేసిన స్పెషల్ ఎడిషన్ 154 నిమిషాలు, ఈ బ్లూరేలో రెండూ ఉన్నాయి, మెనూలో ఏది కావాలంటే అది నొక్కుకోవడమే. ఓటీటీలో అయితే మనకి ఏ వెర్షన్ చూపిస్తున్నారో కింద నిడివి చూసి మనమే లెక్కేసుకోవాలి.

నాకొచ్చింది సెకండ్ హ్యాండ్ కాపీ. కేసు మధ్యలో డిస్క్‌ని పట్టి ఉంచే పళ్లు విరిగిపోయి, గుంటూరు దాకా డిస్క్ లోపల దొర్లుకుంటూనే వచ్చినట్టుంది, రెండు సన్నటి గీతలు పడ్డాయి. ఫొటోలు తీసి అమ్మినాయనకి పెట్టా, ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. నిజంగా బాధేసింది, బబుల్ ర్యాప్ ఒక్క చుట్టు చుట్టుంటే అయిపోయేది. అదృష్టం, ఎక్కడా ఆగకుండా ఆడింది. ప్లేయర్ ఉన్నవాళ్లు ఇట్లాంటివి కొనేటప్పుడు కేసు లోపలి ఫొటో కూడా అడగండి.

బొమ్మ బాగుంది. ఈ సినిమా తీసిందే 1.85 రేషియోలో, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.85 రెట్లు, మొదటి ఏలియన్ లాగా సినిమాస్కోప్ కాదు, కాబట్టి మన టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు దాదాపు ఉండవు, స్క్రీన్ నిండుగా కనిపిస్తుంది. చీకటి సీన్లలో ఫిల్మ్ గ్రెయిన్, అంటే పాత రీలు చుక్కలు, కొంచెం ఉంది, నాకది ఇష్టం, 1986 సినిమా 1986 సినిమాలాగే ఉండాలి. సౌండ్ 5.1, మా తమ్ముడి సౌండ్‌బార్‌లోనే, కదలికల్ని పసిగట్టే మోషన్ ట్రాకర్ టిక్ టిక్ వెన్నులోకి పాకింది. తెలుగు డబ్బింగ్ లేదు, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయి, పెద్దవాళ్లతో చూసేటప్పుడు పక్కన కూర్చుని చెప్తూ ఉండాల్సిందే. ఇంకో సంగతి, డిస్క్‌లో సినిమాని రెండుసార్లు ఎక్కించలేదు, ఉమ్మడి భాగం ఒక్కసారే ఉంటుంది, అదనపు సీన్లు విడిగా ఉంటాయి, మనం నొక్కిన వెర్షన్‌ని బట్టి ప్లేయర్ మధ్యమధ్యలో వాటిలోకి దూకి వెనక్కొస్తుంది. మా ప్లేయర్ పాతదే అయినా ఆ దూకుళ్లు అస్సలు తెలియలేదు.

చూసే పద్ధతి కూడా ముందే అనుకున్నాం. శుక్రవారం రాత్రి థియేటర్ వెర్షన్, ఆదివారం స్పెషల్ ఎడిషన్, మనుషులు మాత్రం వాళ్లే. బ్రాడీపేటలో మా మేడ మీద హాల్లో నేను, తమ్ముడు, కింద పోర్షన్లో ఉండే మా పిన్ని. పిన్నికి ఈ సినిమాల అలవాటు లేదు, పప్పు చేగోడీలు తెచ్చి ఇచ్చి వెళ్లిపోదామని వచ్చి కూర్చుండిపోయింది. మా పిన్ని కువైట్లో తొమ్మిదేళ్లు నర్సుగా చేసింది. ఆ తొమ్మిదేళ్లూ పిన్ని కూతురు, అంటే మా చెల్లి, అమ్మమ్మ దగ్గర తెనాలిలో పెరిగింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1979లో వచ్చిన మొదటి సినిమా చివర్లో రిప్లీ ఒక్కతే బతికి బయటపడి చిన్న షిప్‌లో నిద్రలోకి వెళ్తుంది. సీక్వెల్ మొదలయ్యేసరికి ఆమె అంతరిక్షంలో 57 ఏళ్లు నిద్రలోనే తేలుతూ ఉండిపోయిందని తెలుస్తుంది. ఆ జీవులు దొరికిన గ్రహం మీద ఇప్పుడు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, వాళ్ల నుంచి కబురు ఆగిపోయింది, సైనికులతో పాటు రిప్లీని మళ్లీ అక్కడికే రమ్మంటారు. అక్కడ బతికి ఉన్నది న్యూట్ అనే చిన్న పిల్ల ఒక్కతే.

శుక్రవారం సినిమా అయిపోయాక పిన్ని అడిగిన మొదటి ప్రశ్న, "అంతా బానే ఉంది గానీ, ఆ పిల్ల చివర్లో అమ్మా అని ఎందుకు పిలిచింది? నిన్నగాక మొన్న కనపడ్డ మనిషిని?" తమ్ముడు ఏదో చెప్పబోయాడు, పిల్లకి అమ్మానాన్నా పోయారు కదా పిన్నీ అందుకని అన్నాడు. పిన్ని ఊఁ అంది గానీ ఆమెకి అది ఆనలేదు. "ఈవిడ మాత్రం? ప్రాణాలు తెగించి అంత లోపలికి మళ్లీ దిగాలా?" అంది. నేనేం మాట్లాడలేదు, ఆదివారం దాకా ఆగుదామని.

ఆదివారం. సినిమా మొదలైన కాసేపటికే ఆ సీన్ వస్తుంది. రిప్లీ ఒక పార్కులాంటి చోట బెంచీ మీద కూర్చుని ఉంటుంది, చెట్లూ అవీ నిజం కాదు, గోడ మీద బొమ్మ. కంపెనీ మనిషి బర్క్ వస్తాడు. మా అమ్మాయి సంగతి తెలిసిందా అని అడుగుతుంది. వాడు కాసేపు నసిగి ఒక ప్రింట్ ఇస్తాడు, అందులో ఒక ముసలావిడ ఫొటో. అమాండా, రిప్లీ కూతురు, 66 ఏళ్ల వయసులో రెండేళ్ల క్రితం చనిపోయింది. తల్లి ఇంకా కుర్రగానే ఉంది, కూతురు ముసలిదై పోయింది. రిప్లీ ఆ ఫొటో మీద చెయ్యి పెట్టి అంటుంది, పుట్టినరోజుకి ఇంటికొస్తానని మాటిచ్చాను, పదకొండో పుట్టినరోజుకి అని.

మా తమ్ముడు వెంటనే లెక్క వేశాడు, 57లో 2 తీస్తే 55, 66లోంచి 55 తీస్తే 11, సరిగ్గా సరిపోయింది. రాసినవాళ్లు అంత చిన్న అంకె దగ్గర కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశారు. మా పిన్ని మాత్రం "ఒక్కసారి ఆపు" అంది. ఆపాను. లేచి కిందకెళ్లింది. పది నిమిషాలకి ముగ్గురికీ టీ పట్టుకుని వచ్చి కూర్చుని "ఊఁ, పెట్టు" అంది. మేమేం అడగలేదు. చెల్లి ఓణీల ఫంక్షన్‌కి పిన్నికి సెలవు దొరకలేదు, ఆ ఆల్బమ్‌లో ఎక్కడా పిన్ని ఉండదు, మా ఇంట్లో అందరికీ తెలుసు.

కాసేపయ్యాక ఆ ఫొటోలో ముసలావిడ ఎవరు అని అడిగింది. ఆ ఫొటో రిప్లీగా వేసిన సిగోర్నీ వీవర్ సొంత తల్లిది, ఎలిజబెత్ ఇంగ్లిస్, ఆమె కూడా ఒకప్పుడు నటే. అంటే సినిమాలో కూతురిగా చూపించింది నిజజీవితంలో అమ్మ ఫొటో. చెప్తే "అందుకే ఆ ముక్కు కలిసింది" అంది పిన్ని.

ఇప్పుడు ఈ ఒక్క సీన్ మిగతా సినిమాని ఏం చేస్తుందో చూడండి. థియేటర్ వెర్షన్లో రిప్లీ ఆ గ్రహానికి మళ్లీ ఎందుకెళ్తుందంటే పీడకలలు వస్తున్నాయి, పోయిన ఉద్యోగం తిరిగి ఇప్పిస్తామన్నారు, అంతవరకే కనిపిస్తుంది. స్పెషల్ ఎడిషన్లో ఆమెకి భూమి మీద ఉండి చెయ్యాల్సిందేమీ మిగల్లేదు. తర్వాత న్యూట్‌కి మాటిస్తుంది, నిన్ను వదిలి వెళ్లను అని, ఒట్టు పెట్టి మరీ. ఈ మాట రెండు వెర్షన్లలోనూ ఉంది, కానీ మొదటిదాంట్లో అది పెద్దవాళ్లు పిల్లల్ని సముదాయించడానికి చెప్పే మాట, రెండోదాంట్లో ఒక చిన్న పిల్లకి ఇచ్చిన మాట ఒకసారి తప్పిన మనిషి రెండోసారి ఇస్తున్న మాట. అక్షరం మారలేదు, బరువు మారిపోయింది. స్పెషల్ ఎడిషన్లోనే ఇంకో చిన్న ముక్క ఉంది, న్యూట్ అడుగుతుంది నీకు పాప ఉందా అని, ఉండేది అంటుంది, ఎక్కడుంది, లేదు వెళ్లిపోయింది, చచ్చిపోయిందా అని ఆ పిల్ల సూటిగా అడిగేస్తుంది. చుట్టూ చావు చూసిన పిల్ల కదా, దాన్ని డొంకతిరుగుడుగా చెప్పడం దానికి తెలీదు. ఇదంతా చూశాక చివర్లో ఆ "మమ్మీ" అనే పిలుపు వచ్చినప్పుడు పిన్ని ఈసారి ఏ ప్రశ్నా అడగలేదు.

ఈ సినిమాకి సిగోర్నీ వీవర్ ఉత్తమ నటిగా ఆస్కార్‌కి నామినేట్ అయింది, మొత్తం 7 నామినేషన్లు, 2 అవార్డులు. ఆ నటనకి గుండెకాయలాంటి సీన్ థియేటర్లో లేకుండానే నామినేషన్ తెచ్చుకుందంటే ఆమె ఎంత గొప్ప నటో చూడండి. సీన్ కోసేసినా ఆ బాధ ఆమె మొహంలోంచి కొయ్యలేకపోయారు.

అయితే కోసిందల్లా తిరిగి కలపడమే మంచిదా అంటే కాదు, ఇదే డిస్క్‌లో దానికి సాక్ష్యం ఉంది. న్యూట్ కుటుంబం సీన్. స్పెషల్ ఎడిషన్లో రిప్లీ అక్కడికి వెళ్లకముందే మనకి ఆ కాలనీ చూపిస్తారు, 158 జనాభా అని బోర్డు, లోపల పిల్లలు మూడు చక్రాల బండ్లు తొక్కుతూ కారిడార్లో గోల, తర్వాత న్యూట్ వాళ్ల అమ్మానాన్నా పిల్లల్ని బండిలో వేసుకుని మొదటి సినిమాలోని ఆ పాత షిప్ దగ్గరికి వెళ్తారు, లోపలికెళ్లిన నాన్న మొహానికి ఆ పురుగు అతుక్కుని ఉంటుంది, న్యూట్ కేక. న్యూట్ అన్నగా వేసిన అబ్బాయి న్యూట్‌గా వేసిన పిల్లకి నిజంగానే అన్న, క్రిస్టఫర్ హెన్, అది చూడ్డానికి ముచ్చటే. కానీ ఈ సీన్ వల్ల పోయింది చాలా ఎక్కువ. థియేటర్ వెర్షన్లో సైనికులు దిగేదాకా మనకి ఆ గ్రహం మీద ఏమైందో తెలీదు, రిప్లీకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు, ఖాళీ కారిడార్లు, సగం తిన్న తిండి, ఒక్క మనిషి లేడు, ఆ నిశ్శబ్దమే భయం. స్పెషల్ ఎడిషన్లో ఆ తలుపు ముందే తీసేసి లోపల ఏముందో చూపించేశారు, ఇంక ఆ తర్వాత అరగంట సైనికులు వెతుకుతుంటే మనం తీరిగ్గా కూర్చుని వీళ్లకి ఎప్పుడు తెలుస్తుందా అని చూస్తుంటాం.

తమ్ముడు ఇక్కడ నాతో ఒప్పుకోలా. "అన్నయ్యా, పిల్లలు బండ్లు తొక్కడం చూశాను కాబట్టే తర్వాత ఆ కారిడార్ ఖాళీగా కనపడితే నాకు గుండె పట్టేసింది, లేకపోతే అది ఉత్త సెట్టు" అన్నాడు. వాడి మాటలో నిజముంది, కాదనను. కానీ న్యూట్ మొదటిసారి కనిపించినప్పుడు ఆ మట్టి మొహం, మాట పడిపోయిన ఆ కళ్లు, చేతిలో బొమ్మ తలకాయ ఒక్కటే, దానికి పీడకలలు రావు అది ప్లాస్టిక్ కదా అని చెప్పడం, ఇవన్నీ చాలు. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆ పిల్ల మొహమే చెప్తోంది, మళ్లీ విడిగా చూపించక్కర్లేదు. రిప్లీ కూతురి విషయం అట్లా కాదు, అది రిప్లీ ఎవరికీ చెప్పుకోని విషయం, మనకి చెప్పకపోతే తెలిసే దారే లేదు, తెలిస్తే ఆమె చేసే ప్రతి పనీ వేరేగా కనిపిస్తుంది. నా వరకు తేడా అక్కడే. పాత్ర మోసే గతం ఒకటి, ప్రేక్షకుడికి అందించే సమాచారం ఒకటి, పైకి రెండూ బ్యాక్‌స్టోరీ లాగానే కనిపిస్తాయి.

మిగతావి త్వరగా చెప్తా. మనిషి లేకుండా వాటంతట అవే కాల్చే తుపాకుల సీన్ ఒకటుంది, కారిడార్లో అవి పేలుతుంటే లోపల స్క్రీన్ మీద తూటాల అంకె పడిపోతూ ఉంటుంది, ఏలియన్ ఒక్కటి కూడా సరిగ్గా కనపడదు, కేవలం అంకె తగ్గడం చూసి చెమటలు పడతాయి. కథకి అక్కర్లేదు, ఉంటే మాత్రం భలే ఉంది. ఇంకోటి, సైనికుడు హిక్స్, రిప్లీ ఒకరికొకరు అసలు పేర్లు చెప్పుకునే ముక్క, డ్వేన్ అని అతను, ఎలెన్ అని ఆమె. రెండు సెకన్ల ముక్క. అంత చిన్నదాన్ని కోసి ఏం మిగుల్చుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. నిడివి తగ్గితే రోజుకి షోలు కలిసొస్తాయి, ఆ లెక్క ఎక్కడైనా ఒకటే, మన దగ్గర కూడా రిలీజైన వారానికి సీన్లు కొయ్యడం, మూడో వారం కొత్త సీన్లు కలిపాం రండి అనడం చూస్తూనే ఉన్నాం.

కామెరాన్‌దే టెర్మినేటర్ 2 కూడా ఇట్లాంటిదే, 1991లో థియేటర్ వెర్షన్ అదీ 137 నిమిషాలే. అందులో కోసేసిన సీన్ ఒకటి నాకు ప్రాణం. టెర్మినేటర్ తలలోంచి చిప్ బయటికి తీస్తారు, అది కొత్తవి నేర్చుకోకుండా దాన్ని పంపిన యంత్రాల కంప్యూటర్ స్కైనెట్ లాక్ చేసి ఉంటుంది, తల్లి సారా సుత్తి తీసుకుని ఆ చిప్‌ని అక్కడికక్కడే పగలగొట్టబోతుంది, కొడుకు అడ్డం పడతాడు, నా మాట వినకపోతే రేపు నేను నాయకుణ్ని ఎట్లా అవుతాను అన్నట్టు నిలబడతాడు. ఆ సీన్లో అద్దంలాగా కనిపించేది నిజంగా అద్దం కాదు, గోడకి కిటికీ లాంటి ఖాళీ వదిలి ఒక పక్క సారాగా వేసిన లిండా హామిల్టన్, ఇంకో పక్క ఆమె కవల సోదరి లెస్లీ నిలబడి అద్దంలో బొమ్మలాగా అన్నీ తిప్పి చేశారు, కెమెరా వైపు ఉన్నది ఆర్నాల్డ్ తల నమూనా. ఇంత కష్టపడి తీసి పక్కన పెట్టేశారు. దాని బదులు థియేటర్ వెర్షన్లో నేను నేర్చుకునే కంప్యూటర్‌ని అనే డైలాగ్‌తో సరిపెట్టారు, కథ ఆగలేదు, నిజమే, కానీ తల్లి చేతిలో సుత్తి, పిల్లాడి మొండితనం పోయాయి. అదే సినిమాకి సారా ముసలిదై పార్కులో కూర్చునే క్లైమాక్స్ కూడా తీసి తీసేశారు, అది మాత్రం తీసెయ్యడమే మంచిదైంది, చివర్లో చీకటి రోడ్డు మీద ఆపడంలో ఉన్న భయం ఆ పార్కులో లేదు.

బ్లేడ్ రన్నర్ 2049 వాళ్లు ఇంకో దారి పట్టారు. 2017లో సినిమాకి ముందే మూడు చిన్న ఫిల్ములు ఆన్‌లైన్లో పెట్టారు, ఒకటి యానిమేషన్. అందులో ఒకటి సాపర్ మోర్టన్ అనే పాత్రది, డేవ్ బటిస్టా వేశాడు, అజ్ఞాతంగా బతుకుతున్నవాడు ఒక తల్లీకూతుళ్లని రౌడీల నుంచి కాపాడబోయి తన గుట్టు తానే బయటపెట్టుకుంటాడు. అది చూసి సినిమా చూస్తే మొదటి సీన్‌కే గొంతు పూడుకుపోతుంది. చూడకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఆ అలసట మొత్తం బటిస్టా భుజాల్లోనే ఉంది. అట్లా ఉండాలి. మన కల్కి 2898 ఏడీకి 2024లో బుజ్జి భైరవ యానిమేషన్ రెండు ఎపిసోడ్లు ప్రైమ్‌లో వచ్చినప్పుడు నేను సినిమా తర్వాత చూశా, పిల్లలతో చూడ్డానికి బాగుంది, కానీ టికెట్ కొన్నవాడికి థియేటర్లోనే అర్థం కావాల్సింది బయట పెట్టకూడదు. రెండో భాగంలో కర్ణుడి సంగతి, అశ్వత్థామ సంగతి నాగ్ అశ్విన్ ఎక్కడ చెప్తాడా అని ఎదురుచూస్తున్నా, ఆ ఇద్దరి గతం సినిమా లోపలే ఉండాలి, ఇంకో యాప్‌లో కాదు.

ఇంకా నాకు ఆదిత్య 369 మీద కూడా ఆశ ఉంది. ఏలియన్స్ అమెరికాలో రిలీజైంది 1986 జులై 18, ఆదిత్య 369 వచ్చింది సరిగ్గా అయిదేళ్లకి 1991 జులై 18, నాకు ఈ కలయిక ఎంతో ఇష్టం. 2025 ఏప్రిల్‌లో 4కేలో మళ్లీ వేసినప్పుడు మా నాన్నని తీసుకెళ్లా. దానికి సీక్వెల్ వస్తే టైం మెషిన్ ఎట్లా పనిచేస్తుందో అరగంట క్లాసు పీకొద్దు, రాయల కాలం చూసి వచ్చిన మనిషి తర్వాత ముప్పై ఏళ్లు మామూలు ప్రపంచంలో ఎట్లా బతికాడో ఒక్క సీన్ చాలు.

డిస్క్‌లో కామెంటరీ ట్రాక్ కూడా ఉంది, కామెరాన్, నిర్మాత గేల్ ఆన్ హర్డ్, జీవుల్ని తయారుచేసిన స్టాన్ విన్‌స్టన్, న్యూట్‌గా వేసిన క్యారీ హెన్ ఇంకా చాలామంది మాట్లాడారు. క్యారీ ఈ ఒక్క సినిమాతోనే నటన ఆపేసి టీచర్ అయింది. సినిమా ఎట్లా తీస్తారో నేర్చుకునే పిల్లలకి ఆ ట్రాక్ ఒక్కటే డబ్బులు కిట్టిస్తుంది.

కొనాలా అంటే, ప్లేయర్ ఉంటే కళ్లు మూసుకుని కొనండి, ప్లేయర్ లేకపోతే దీనికోసమే కొనమని చెప్పను. మొదటిసారి చూసేవాళ్లు థియేటర్ వెర్షన్ నొక్కండి, ఆ కాలనీ భయం పోగొట్టుకోకండి. రెండోసారి స్పెషల్ ఎడిషన్. నేనైతే ఇకమీదట స్పెషల్ ఎడిషనే పెట్టి, ఆ కుటుంబం బండిలో బయల్దేరే చోటు రాగానే రిమోట్‌తో ముందుకి జరిపేస్తా.

నిన్న సాయంత్రం పిన్ని పైకొచ్చింది. చెల్లి సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తోందంట, డిస్క్ ఎవరికీ ఇవ్వకు అంది. "రెండు ఉన్నాయన్నావ్ కదా, ఫొటో ఉన్నది పెట్టు" అని, ఆ విరిగిన కేసులోంచి డిస్క్ తీసి, దొర్లకుండా చెల్లి పెళ్లి సీడీలు పెట్టుకునే గుడ్డ పౌచ్‌లో పెట్టి నాకే తిరిగి ఇచ్చింది.